నేపాలీ దమాహా: తోలు పట్టీ కింద పచ్చ కిలుము ఎలా తీయాలి?

నేపాల్‌లో ఐదు రకాల వాద్యాల మేళమైన పంచే బాజాలో, దమాయీ అనే వాద్యకారుల కులానికి చెందిన కళాకారులు వాయించే దమాహా అనే నగారా ఇది. రాగి గిన్నె, పైన చర్మం, బిగింపుకి తోలు పట్టీ. చర్మం రాగిని తాకే అంచు చుట్టూ మైనంలాంటి పచ్చటి కిలుము పేరుకుంది. తోలులోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసినప్పుడు వచ్చేదే ఇది.

చింతపండు, నిమ్మరసం మాత్రం దయచేసి చెప్పకండి. తడి తగిలితే చర్మం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుని అంచు దగ్గరే చిరుగుతుంది. తోలు పట్టీ విప్పడమూ కుదరదు, ఆ కట్టుడు తీరే వాద్యం చేసినవాళ్ల పనితనానికి ఆధారం.

ఇప్పటికి వెదురు పుల్లతో పైపైన గీకి, మెత్తటి కుంచెతో దులుపుతున్నాం. గదిలో తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉంది. పుల్ల అందని చోట ఏం వాడాలి? దూదికి వైట్ స్పిరిట్ (పెయింట్ పలుచన చేసే పెట్రోలియం ద్రావకం) అద్ది తుడిస్తే పాత తోలులోని నూనె కూడా పోతుందా? చేసి చూసినవాళ్లు చెప్పగలరా?