బొబ్బిలి కథకి డీజే బీటు: సబబేనా?

మెంటాడ మనిషి:
మొన్న మా మేనల్లుడి కాలేజీ వార్షికోత్సవానికి వెళ్లాను. ఎనిమిది మంది కుర్రాళ్లు బొబ్బిలి యుద్ధం బుర్రకథ పాత రికార్డింగు తీసుకుని, కింద బేస్ దట్టించి, నాలుగు నిమిషాల హిప్‌హాప్ వేశారు. హాలంతా ఈలలే. నిజం చెప్పాలంటే నేనూ చప్పట్లు కొట్టాను.

నా పక్కన మా ఊరి పెద్దాయన కూర్చున్నారు. ముప్పై ఏళ్లు బుర్రకథలో వంతగా, అంటే కథకుడి పక్కన నిలబడి, డక్కీ అనే చిన్న వాయిద్యం వాయించిన మనిషి. ఆటంతా అయ్యేదాకా ఏమీ అనలేదు. బయట చెప్పులు వేసుకుంటూ ఒక్కటే అడిగారు: "ఆడోళ్లు చచ్చిపోయిన కాడ ఈలేసినారేటి బాబూ?"

అప్పట్నుంచీ అదే ఆలోచన. మీరేమంటారు?

రాజాం రాముడు:
అన్నా, పెద్దాయన బాధ అర్థమవుతుంది. కానీ ఇప్పుడు రాత్రంతా కూర్చుని కథ వినేవాళ్లు ఎక్కడున్నారు? బుర్రకథ మాత్రం ఎప్పుడు ఒక్కచోట ఆగింది? జంగాలు, అంటే ఊరూరా తిరిగే శివభక్తులు, చెప్పుకునే కథని రాజకీయ సభలకెక్కించింది 1940ల్లోనే కదా. బుర్రకథ చెప్పే నాజర్ గారు దాన్ని పట్టుకుని ఎంత మార్చారు! కథ మధ్యలో హాస్యం వంత జోకులేస్తే అప్పుడు లేని అపచారం డాన్సుకెలా వచ్చింది?

ఇంకోటి. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాటలకి ఇప్పటికీ జంటలుగా ఆడుతున్నారు. ఆ కాలం గాయని వేరా లిన్ పాత పాటల ఆల్బమ్ 2009లో, ఆవిడకి 92 ఏళ్లప్పుడు, అక్కడ మొదటి స్థానానికెళ్లింది. వాళ్లకి లేని పట్టింపు మనకెందుకు?

(మా రాజాం నుంచి వెళ్లిన బొబ్బిలి సేనాని పాపారాయుడి కథ కాబట్టి నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను.)

రిటైర్డ్ తెలుగు టీచర్:
రాముడూ, ఆ పోలిక అతకదు నాయనా. ఆ పాటలు యుద్ధం నడుస్తుండగానే డాన్సు హాళ్లలో మోగినవి. ఊరొదిలి వెళ్లినవాడు తిరిగొస్తాడన్న ఆశ వాటిలో ఉంది. మన కథలో తిరిగొచ్చేవాళ్లెవరు? 1757 జనవరి 24న, విజయనగరం రాజు వైపు వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకి బొబ్బిలి కోట పడిపోతుందని తెలిశాక, శత్రువు చేతికి చిక్కకూడదని ఆడవాళ్లనీ పిల్లల్నీ సొంతవాళ్లే చంపుకున్నారు. ఇది ఏడుపు కథ. వీరం ఆ ఏడుపులోంచి వస్తుంది.

చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో విన్నాను. ఆ ఘట్టం దగ్గరికి రాగానే డక్కీలు రెండూ ఆగిపోయేవి. కథకుడు తంబురా ఒక్కటే మీటుతూ, బొటనవేలి అందె కూడా చప్పుడు కాకుండా పట్టుకుని చెప్పేవాడు. నా ముందు కూర్చున్న ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. కుర్రాళ్లు ఆడటం తప్పు కాదు. ఆ నిశ్శబ్దం ఉండాల్సిన చోట బీటు పేల్చారే, అదీ నా అభ్యంతరం.

గంటస్తంభం దగ్గర:
మీరంతా బొబ్బిలి వైపే మాట్లాడుతున్నారు. విజయనగరం వాళ్లం మేమెక్కడికెళ్లాలి? గుడారంలో పాపారాయుడు పొడిచేసింది మా రాజు విజయరామరాజునే. అన్నని యుద్ధానికి వెళ్లొద్దని బతిమాలిన చెల్లెలే పైడితల్లమ్మ అని మా పెద్దలు చెబుతారు. ఏటా సిరిమాను తిప్పేది ఆ తల్లికే. రేపు అదే కాలేజీ కుర్రాళ్లు మా ఊళ్లో ఆ డాన్సు వేస్తే మేం ఎక్కడ ఈల వేయాలో ముందే చెప్పండి 😀

రాజాం రాముడు:
మీరు వేయకండి, మేమొచ్చి వేస్తాం.

ఆ ఎనిమిది మందిలో ఒకడు:
నమస్కారం అందరికీ. ఫ్రెండ్ లింక్ పంపితే చదివాను. స్టెప్పులు మన జానపద ఆట తప్పెటగుళ్లు చూసి కట్టాం, ఆ గెంతులు హిప్‌హాప్‌కి బాగా సెట్టయ్యాయి. బొబ్బిలి రాణి మల్లమ్మ చనిపోయే ఘట్టం దగ్గర బీటు ఎందుకు పెట్టామంటే గొంతు అక్కడ పైకి లేస్తుంది, గూస్‌బంప్స్ వచ్చాయి, అంతే. అక్కడ ఏం జరిగిందో మాలో ముగ్గురికే తెలుసు, మాస్టారూ. సిగ్గుగానే ఉంది. కానీ డాన్సు మానం. ఆ చోట మ్యూజిక్ మొత్తం తీసేసి ఆడితే ఎలా ఉంటుందో చూస్తాం.

రిటైర్డ్ తెలుగు టీచర్:
తీసేసి ఊరుకోకు. ఆ చోట కదలకుండా నిలబడండి. ఆడేవాడికి అదే కష్టం.

మెంటాడ మనిషి:
తమ్ముడూ, నీ మాట పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయనకి ఇంకో బెంగ ఉందట, ఆరోజు చెప్పలేదు. రికార్డింగులో పాడినాయనకి ఎవరైనా రూపాయి ఇచ్చారా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఎనిమిది మందిలో ఒకడు:
ఇవ్వలేదు అన్నా. ఎవరు పాడారో కూడా మాకు తెలీదు, యూట్యూబ్‌లోంచి తీసుకున్నాం. తాతగారే వచ్చి వాయిస్తారా? అందరం తలా కొంత వేసుకుని ఇస్తాం.

మెంటాడ మనిషి:
అడిగాను. డక్కీ తోలు సాగిపోయిందట, అది వేయించాకే రమ్మంటున్నారు. ఎనిమిది మందీ రావాలట. కథ మొత్తం వినాలట, నాలుగు నిమిషాలు కాదు.