తోఫానేలో చిత్రకళా ప్రదర్శన ప్రారంభం: వైన్ పెట్టాలా, మానాలా?

ఇస్తాంబుల్‌లో గ్యాలరీలు నడిపినవాళ్లు, అక్కడ కాపురం ఉన్నవాళ్లు కాస్త సలహా చెప్పండి. తోఫానేలో ఓ చిన్న గ్యాలరీలో ప్రదర్శన ప్రారంభం. 80 మంది దాకా వస్తారు. వైన్ దగ్గరే మాట తెగట్లేదు.

2010 సెప్టెంబర్ 21 రాత్రి ఆ పేటలోనే గ్యాలరీల మీద కర్రలతో, పెప్పర్ స్ప్రేతో దాడి జరిగింది. వీధిలో తాగుతూ నిలబడటమే కారణమని కొందరన్నారు, అద్దెలు పెరిగి పాతవాళ్లకు నిలవనీడ లేకుండా పోవడమే అసలు మంట అని మరికొందరు. రెండూ నిజమేనని మా నమ్మకం, అందుకే ఒక్క సీసా దాచేస్తే సరిపోతుందని అనుకోవట్లేదు.

చిక్కంతా గుమ్మం దగ్గరే. లోపల సిగరెట్ కాల్చకూడదు, గది ఇరుకు, ఉక్క. అతిథి గ్లాసుతో సహా బయటికొస్తాడు, ఎదురింటి మెట్ల మీదేమో పిల్లలు కూర్చుని ఉంటారు. అందుకని సీసాకు 5 గ్లాసుల లెక్కన 8 సీసాలే తెచ్చి, బల్ల వెనక గదిలో వేసి, గుమ్మం దగ్గర గ్లాసులు తీసుకోవడానికి ఓ మనిషిని పెడదామనుకుంటున్నాం. ముందు గదిలో ఐరాన్ (వాళ్ల ఉప్పు మజ్జిగ), దానిమ్మ రసం, టీ. రంజాన్ నెలైతే వైన్ మానేస్తాం. మద్యం కంపెనీల స్పాన్సర్‌షిప్‌ను 2013 చట్టం ఆపేసింది కాబట్టి ఆ ఊసే లేదు.

డబ్బు తీసుకోకుండా పోసినా అనుమతి కావాలా? ఇరుగుపొరుగును మేమే వెళ్లి పిలవాలా, ముహ్తార్ (పేటవాళ్లు ఎన్నుకున్న పెద్ద) చేత చెప్పించాలా? వైన్ ఉందని వాళ్లకు ముందే చెప్పడం మంచిదేనా?