నంది హిల్స్ ఈగలు చలికి గట్టిగా ఉన్నాయి, ఎండకి మాత్రం తేడా లేదు, ఎందుకు?

బెంగళూరులో ఎమ్మెస్సీ జువాలజీ చేస్తున్నానండీ, ప్రాజెక్టు డ్రోసోఫిలా మీద, అదే అరటిపండు బాగా మగ్గితే ముసురుకునే బుల్లి ఈగలు. చెన్నైలో మా పిన్నివాళ్ళింటి దగ్గర కొన్ని, నంది హిల్స్ పైన, అంటే దాదాపు 1478 మీటర్ల ఎత్తులో కొన్ని పట్టా. సీసాని కరిగే ఐసులో పెడితే అన్నీ వెల్లకిలా పడిపోతాయి, బయటికి తీశాక ముందు కాళ్ళు కొట్టుకుంటాయి, తర్వాత ఒక్కసారిగా తిరగబడి లేచి నిలబడతాయి (చూడ్డానికి భలే ఉంటుంది). కొండ ఈగలు తొందరగా లేస్తున్నాయి, సరే, కిలోమీటరు పైకెళ్తే ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది కాబట్టి అర్థమైంది.

కానీ సీసాని వేడి నీళ్ళలో పెట్టే టెస్టులో కొండవీ, చెన్నైవీ రెండూ దాదాపు ఒకేసారి పడిపోతున్నాయి! చాలా పురుగుల్లో ఇంతేనట, ఎండైతే నీడలోకి పోవచ్చు, రాత్రి చలికి ఎక్కడికి పోతాయి అని ఒక వివరణ. నాకు సగమే నమ్మకం.

ఇంతకీ నా డౌటేంటంటే, ఈ తేడా జీన్స్‌దా లేక పెరిగిన చోటు అలవాటా అని తేల్చాలంటే రెండిటినీ 25 డిగ్రీల దగ్గర రెండు తరాలు పెంచితే సరిపోతుందా? హీట్ షాక్ సంగతి, అంటే వేడి తగిలితే కణాల్లో కొన్ని జీన్స్ పనిలోకి దిగడం, 1962లో రిటోస్సా అనే శాస్త్రవేత్త కనిపెట్టింది ఈ ఈగల్లోనే కదా, మరి హెచ్‌ఎస్‌పీ70 (వేడికి కణాలు తయారుచేసుకునే రక్షణ ప్రోటీన్) కొలవకుండా థీసిస్ రాస్తే మా గైడ్ మేడమ్ ఒప్పుకుంటారంటారా? ఇలాంటి పని చేసినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.