‘అసాధ్య రోగం’ అనవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర. కిడ్నీ జబ్బు గురించి మా ఊళ్లో పంచడానికి ఒక కరపత్రం రాస్తున్నాం. ‘ఇన్‌క్యూరబుల్’ అన్నచోట ‘అసాధ్య రోగం’ అని రాశాను. సరిపోతుందా అండీ?

జవాబు: మాటగా తప్పు లేదు గానీ, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో పంచే కాగితం మీద అది వద్దండి. చదివినవాళ్లు ‘ఇంక ఆసుపత్రికి వెళ్లి లాభం లేదు’ అనుకుంటారు. అసలు ఆయుర్వేదంలో కూడా ఆ మాటకు అంత అర్థం లేదు. చరకసంహిత అసాధ్య రోగాలను రెండుగా విడదీసింది. వైద్యుడు చేతులెత్తేయాల్సినవి ఒక రకం. రెండోది యాప్యం. అంటే పూర్తిగా పోదు, కానీ మందూ పథ్యమూ నడిచినంతకాలం మనిషిని నిలబెట్టవచ్చు. మనం ‘కాలయాపన’ అంటామే, ఆ యాపనే ఇది. తెలుగులో ఆ మాటకు చెడ్డపేరు వచ్చింది గానీ, వైద్యంలో కాలం గడిపించడమంటే ప్రాణం నిలపడమే. పడిపోబోయే ఇంటికి సరిగ్గా పెట్టిన ఊత ఎలాంటిదో యాప్య రోగికి చికిత్స అలాంటిదని సుశ్రుతుడు చెప్పాడు. సోంపేట, పలాసల్లో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లివచ్చేవాళ్లను తలుచుకుంటే ఇంతకన్నా సరైన మాట నాకు తోచదు.

అయితే కరపత్రంలో ‘యాప్యం’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ‘నయం కాని జబ్బు’ అందామంటే అక్కడా చిక్కుంది. నయం అంటే పూర్తిగా తగ్గడమే కాదు, ‘నిన్నటికన్నా నయంగా ఉంది’ అని కూడా అంటాం. అందుకని ‘నయం కాదు’ అంటే కాస్త కూడా తేరుకోరని వినబడుతుంది. ‘మందు లేని జబ్బు’ అయితే మరీ అన్యాయం. మందులున్నాయి, వాడుతున్నారు కూడా.

మరొకరు: మా విజయనగరం వైపు ‘మొండి జబ్బు’ అంటాం. అది పనికిరాదా?

జవాబు: మంచి మాటే. కానీ మొండి జబ్బు ఎప్పటికైనా లొంగవచ్చు. ఏళ్ల తరబడి వేధించిన గజ్జినీ అలాగే అంటాం కదా. ‘నెట్టుకొస్తున్నాం’ అని మన ఇళ్లలో అనే మాట యాప్యానికి దగ్గరగా ఉంది. అయినా కరపత్రంలో ఒక్క పదంతో సరిపెట్టకుండా విడమరిచి రాయమంటాను:

‘ఈ జబ్బుతో పాడైన కిడ్నీ మళ్లీ మునుపటిలా కాదు. కానీ దీనికి వైద్యం ఉంది. తొలి దశలో తెలిస్తే మందులతో, ఆహార నియమాలతో జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేయవచ్చు. ముదిరినవాళ్లకు డయాలసిస్ ఉంది, కొందరికి కిడ్నీ మార్పిడి కూడా చేయవచ్చు. డాక్టరును అడగకుండా ఏదీ మానవద్దు.’

చివరి వాక్యం పెద్ద అక్షరాల్లో వేయించండి.