సమస్య: టెన్షనున్నవాడె పెన్షనొందు

ఈసారి ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాం, పై మూడు పాదాలు మీరు పూరించాలి:

టెన్షనున్నవాడె పెన్షనొందు

ఐదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు). పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం పొంతన కుదరడమే యతి. 'టె'కి 'పె' యతి ఎలా కుదురుతుందని కంగారు పడకండి, రెండు చోట్లా రెండో అక్షరం 'న్ష' కాబట్టి ప్రాసయతి చెల్లుతుంది. పద్యంలో టెన్షన్ ఏమిటని అడిగేవాళ్లకు ఒకటే మాట: 'ఆందోళన' అంటే ఎవరికీ గుండె దడ రాదు.

లేఖిని:
గడువు దగ్గరైన గజగజ వణకుచు
లెక్కలన్ని సరిగ లెస్సఁ జూచి
తప్పు లేక కొలువు తగినరీతిని జేయు
టెన్షనున్నవాడె పెన్షనొందు

నిర్వాహకులు: ధార బాగుంది. 'సరిగ', 'లెస్స' రెండూ ఒకటే, పునరుక్తి. 'లెక్కలన్ని మరల' అంటే గణం చెడదు, చూసిందే మళ్లీ చూసుకునే టెన్షనూ తెలుస్తుంది.

చిలిపికలం: గజగజ వణికితే లెక్కలు సరిగ్గా వస్తాయా అండీ? 1908లో యెర్కీస్, డాడ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద కరెంటు షాకుతో ప్రయోగం చేశారు. పని కష్టమైనదైతే, షాకు మరీ పెంచినప్పుడు అవి నేర్చుకోవడం మందగించింది. కాస్త టెన్షన్ వేరు, వణుకు వేరు.

లేఖిని: సరే, 'గాభరా పడుచును' అందాం. యతి, గణాలు నిలిచాయి, చేతులూ వణకవు.

చిలిపికలం: ఇక నాది.
పదవి విరమణయ్యి హాయిగా కూర్చుని
బ్యాంకు వంకఁ జూచు భయముతోడ
జమయొ కాదొ యనుచు జాగారమును జేయు
టెన్షనున్నవాడె పెన్షనొందు

నిర్వాహకులు: భావం భేష్, నవ్వు ఆగలేదు. కానీ మొదటి పాదంలో 'ప'కి 'హా' యతి కాదు. పైగా హాయిగా కూర్చున్నవాడికి ఆ వెంటనే భయమేమిటి? 'పదవి విరమణయ్యి పడకకుర్చీ జేరి' అని చూడండి. 'విరమణయ్యి' వాడుక మాటే, సరదా పద్యంలో నేను పట్టించుకోను. పట్టించుకునేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

తుమ్మెద:
ఫోను పక్కఁ బెట్టి పొద్దుగూకువరకు
చేయు పనుల మనసు చెదరనీక
కుదురుగాను నిలిచి కొలువులో నెపుడు న
టెన్షనున్నవాడె పెన్షనొందు

లేఖిని: అమ్మో! టెన్షన్ మాయమై అటెన్షన్ వచ్చింది.

నిర్వాహకులు: అవును, ఎపుడును + అటెన్షను, సంధి చక్కగా కలిసింది. సమస్యాపాదంలో అక్షరం మార్చకుండా అర్థం తిప్పేశారు. మూడో పాదం చివర ఊపిరి తీసుకోకుండా చదవాలి, ఆగితే చమత్కారం పోతుంది.

చిలిపికలం: తుమ్మెద గారూ, పద్యం అదిరింది. పొద్దుగూకే దాకా పని చేయించారు కదా, ఓవర్‌టైమ్ ఏ పాదంలో ఇస్తున్నారు?