ఆప్టికల్ క్రోనోగ్రాఫ్ పక్కనపెట్టి రాడార్‌కి మారాల్సిందేనా?

తూటాలెక్క:
బుల్లెట్ వేగం కొలవడానికి రెండు స్క్రీన్ల (బుల్లెట్ మీదుగా పోయే సెన్సర్ కిటికీల) మడత ఆప్టికల్ క్రోనోగ్రాఫ్ వాడుతున్నాను. స్క్రీన్ల మధ్య దూరం ఒక అడుగు. .308 రైఫిల్‌లో 168 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్‌కి సగటున 2650 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అడుగులు), ఐదు షాట్ల మీద ఎస్‌డీ (ప్రామాణిక విచలనం, అంటే వేగాల చెదురు) 9 చూపిస్తోంది. ఎవర్ని అడిగినా స్క్రీన్ల కాలం పోయింది, రాడార్ కొనమంటున్నారు. నిజంగా అంత తేడా ఉందా?

రాడార్‌పక్షం:
ఉంది. స్క్రీన్ల అసలు జబ్బు వెలుతురు. సెన్సర్ చూసేది బుల్లెట్‌ని కాదు, అది అడ్డొచ్చినప్పుడు తగ్గే వెలుగుని. ఎండ ఏటవాలుగా పడితే రాగి జాకెట్ కింది భాగం తళుక్కుమంటుంది. అప్పుడు మొదటి స్క్రీన్ బుల్లెట్ ముక్కుకి, రెండోది నడుముకి ట్రిగ్గర్ అవుతుంది. ఇండోర్ రేంజ్‌లో అయితే మామూలు దీపాల మినుకుతోనే తప్పుడు రీడింగులు వస్తాయి.
గార్మిన్ జీరో సీ1 ప్రో అనే రాడార్ క్రోనోగ్రాఫ్‌కి ఈ గొడవేమీ లేదు. బారెల్ పక్కన 5 నుంచి 15 అంగుళాల దూరంలో, మజిల్‌కి (బారెల్ మూతికి) కాస్త వెనక పెట్టి టార్గెట్ వైపు తిప్పితే చాలు. కంపెనీ చెప్పే తేడా 0.1 శాతం, అంటే మీ వేగం మీద మూడు అడుగుల లోపే. రేంజ్ ఆపించి ట్రైపాడ్ మోసుకెళ్లే పనీ లేదు, స్క్రీన్‌నే కాల్చేసుకునే భయమూ లేదు.

నిదానం:
వెలుతురు సంగతి ఒప్పుకుంటా. కానీ దానికి మందు ఉంది: ఎండలో డిఫ్యూజర్లు (స్క్రీన్ల పైన వెలుగుని సమంగా పరిచే కప్పులు) తప్పకుండా పెట్టండి, మబ్బుగా ఉంటే తీసేయండి, మెరుపు ఎక్కువైతే బుల్లెట్‌కి నల్ల మార్కర్ పూయండి.
తూటాలెక్క గారి యంత్రంలో అసలు లోపం స్క్రీన్ల మధ్య అడుగు దూరమే ఉండటం. 12 అంగుళాల్లో అంగుళంలో 16వ వంతు తేడా వస్తే 0.52 శాతం. 2650 మీద దాదాపు 14 అడుగులు. మడత యంత్రం కీలు పూర్తిగా తెరుచుకోకపోతే స్క్రీన్లు దగ్గరవుతాయి, వేగం ఎక్కువ చూపిస్తుంది. స్క్రీన్లని 4 అడుగుల ఎడంగా కడ్డీ మీద పెడితే అదే తేడా మూడున్నర అడుగులకి దిగిపోతుంది. ఓలర్ 35పీ అనే ఆప్టికల్ క్రోనోగ్రాఫ్‌లో మూడు స్క్రీన్లు పెట్టింది ఊరికే కాదు. రెండు కొసల్లో ఉన్నవి 4 అడుగుల దూరంలో ఒక వేగం ఇస్తాయి, మధ్యదాంతో రెండో వేగం వస్తుంది. రెండూ కలవకపోతే ఆ షాట్ లెక్కలోంచి తీసేయాలి. మీ రాడార్ తన తప్పు తనే చెబుతుందా?

రాడార్‌పక్షం:
రాడార్ ఒక్క చోట కాదు, బుల్లెట్ ఎగురుతుంటే కొంత దూరం దాకా వరసగా చూసి, వెనక్కి లెక్క కట్టి మజిల్ వేగం ఇస్తుంది. మీ స్క్రీన్లు 15 అడుగుల అవతల ఉంటాయి. అంతలోనే 168 గ్రెయిన్ బుల్లెట్ పది, పదకొండు అడుగుల వేగం పోగొట్టుకుంటుంది. రెండు యంత్రాల్నీ పోల్చేవాళ్లు ఇది కలపడం మర్చిపోయి తగువు పెట్టుకుంటారు.

అయస్కాంతం:
మూడో దారి ఒకటుంది, బారెల్‌కి కట్టే మాగ్నెటోస్పీడ్ లాంటిది. ఎండా నీడా దానికి ఒకటే. కానీ బారెల్ చివర బరువు వేలాడితే దాని కంపనం మారి బుల్లెట్ ఇంకో చోట తగులుతుంది. అందుకని వేగం కోసం వేరుగా, గ్రూప్ (టార్గెట్ మీద షాట్ల గుంపు) కోసం వేరుగా కాల్చాలి. కట్టేటప్పుడు బోల్ట్ తీసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో చూసి, క్లీనింగ్ రాడ్‌ని బోర్‌లోంచి (బారెల్ లోపలి రంధ్రంలోంచి) బయటికి తోయండి. రాడ్‌కీ సెన్సర్ పట్టీకీ మధ్య ఖాళీ మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. బారెల్ వేడెక్కాక, యంత్రాన్ని బారెల్‌కి కట్టిన పట్టా వదులవుతుంది. సెన్సర్ పట్టీ ముందు కొన కిందికి వాలితే రీడింగులు మానేస్తాయి, పైకి లేస్తే బుల్లెట్టే తగులుతుంది. ప్రతి ఐదారు షాట్లకి ఓసారి చూసుకోవాల్సిందే.

గాలిపెల్లెట్:
ఇక్కడంతా రైఫిల్ గోలేనా! ఎయిర్‌గన్‌లకి మజిల్ బ్లాస్ట్ (మజిల్ దగ్గర పేలుడు వాయువుల అల) పెద్దగా ఉండదు కాబట్టి స్క్రీన్లని దగ్గరగానే పెట్టుకోవచ్చు. పాత మోడల్ ల్యాబ్‌రాడార్ (ఇంకో రాడార్ క్రోనోగ్రాఫ్) మామూలుగా పేలుడు శబ్దానికి మేలుకుంటుంది, గాలితుపాకీ సన్నటి చప్పుడుకి విడి మైకు కావాలి.
మాకు అవసరమయ్యేది శక్తి లెక్క. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 175 మీటర్లతో పోతే 8.1 జౌళ్లు. యంత్రం 180 అని చూపిస్తే 8.6. వేగంలో మూడు శాతం తప్పు శక్తిలో ఆరు శాతమవుతుంది.

నిదానం:
బ్లాస్ట్ మాట వచ్చింది కాబట్టి. సబ్‌సోనిక్ లోడ్లు (ధ్వని కంటే నెమ్మదిగా పోయే తూటాలు) కొలుస్తుంటే రీడింగులన్నీ 1120, 1130 దగ్గరే తిరుగుతున్నాయా? అది బుల్లెట్ వేగం కాదు. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సుమారు 1125 ఎఫ్‌పీఎస్. బ్లాస్ట్ అల బుల్లెట్ కంటే ముందొచ్చి స్క్రీన్లని ట్రిగ్గర్ చేస్తోందన్నమాట. స్క్రీన్లని మజిల్ నుంచి ఇంకో ఐదడుగులు దూరం జరపండి.

చదరపుమూలం:
అందరూ యంత్రం గురించే కొట్టుకుంటున్నారు, ఐదు షాట్ల ఎస్‌డీని ఎవరూ అడగలేదు. ఐదు షాట్లకి 9 వచ్చిందంటే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది అసలు విలువ 5.4కీ 26కీ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే. పది షాట్లకి 9 వస్తే 6.2 నుంచి 16.4. ఇరవైకి 6.8 నుంచి 13.1. ముప్పైకి 7.2 నుంచి 12.1.
యంత్రం వణుకు దీని ముందు చిన్నది. లోడ్ అసలు ఎస్‌డీ 9, యంత్రం సొంత చెదురు 4 అనుకోండి. వర్గాలు కలిపి మూలం తీస్తే 9.8. రాడార్ కొంటే తగ్గేది ఆ 0.8. ఈఎస్ (అన్నిటికంటే ఎక్కువ, తక్కువ వేగాల తేడా) అయితే మరీ మోసం, షాట్లు పెరిగేకొద్దీ అదే పెరుగుతుంది. ఐదు షాట్ల ఈఎస్‌ని ఇంకొకరి ఇరవై షాట్ల ఈఎస్‌తో పోల్చి మురిసిపోవద్దు.

రాడార్‌పక్షం:
చదరపుమూలం గారూ, లెక్క బాగుంది. కానీ మబ్బులు పోతూ వస్తూ ఉంటే స్క్రీన్ల మీద ముప్పై షాట్లు తెగకుండా కొలిచి చూపించండి! నాలుగో షాట్‌కి ఎర్రర్, తొమ్మిదో షాట్‌కి 3400. ఆ తప్పిన షాట్లని ఏరేసే ప్రతిసారీ మీ ఎస్‌డీలో మీ ఇష్టం కూడా చేరుతుంది. షాట్లు ఎక్కువ కావాలి కాబట్టే రాడార్ కావాలి.

చదరపుమూలం:
ఏరివేత గురించి మీరన్నది నిజమే. అయితే పక్క బెంచ్ షాట్‌ని రాడార్ మీ లెక్కలో వేస్తే మీరూ ఏరాలి. అసలు వేగానికి పొంతన లేని రీడింగ్ తప్ప ఇంకేదీ తీయకూడదు. 2620 నచ్చలేదని తీసేయడం మోసం.

తూటాలెక్క:
మరి ఇప్పుడు నేను చేయాల్సిందేంటి?

నిదానం:
యంత్రం పూర్తిగా తెరిచి, స్క్రీన్ల మధ్య దూరం స్టీల్ స్కేలుతో కొలవండి. రైఫిల్ బెంచ్ మీద పెట్టి బోల్ట్ తీసి బోర్‌లోంచి చూడండి. టార్గెట్, రెండు స్క్రీన్ల కిటికీల మధ్యభాగం ఒకే వరసలో కనపడాలి. మజిల్ నుంచి 15 అడుగులు. కొత్త బ్యాటరీ. తూటాల పెట్టె నీడలో ఉంచండి, వేడెక్కిన పౌడర్ వేగం పెంచుతుంది. వేడి చాంబర్‌లో తూటాని ఎక్కువసేపు ఉంచకండి. ఇరవై షాట్లు కాల్చి, మజిల్ వేగం కోసం సగటుకి 10 కలుపుకోండి.

రాడార్‌పక్షం:
ఇరవైలో ఎన్ని షాట్లు ఎర్రర్ కొట్టాయో కూడా ఇక్కడ రాయండి. మూడు దాటితే మళ్లీ మాట్లాడుకుందాం.