పాప ఎన్‌ఐసీయూలో, నేను మెట్ల మీద

ప్రశ్న:
మాది ఆమదాలవలస. పాప 32 వారాలకే పుట్టేసింది, 1,500 గ్రాములు. శ్రీకాకుళంలో ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) పెట్టి ఆరు రోజులైంది. పై వార్డులో భార్య, కింద పాప, మధ్యలో మందుల చీటీలు పట్టుకుని మెట్ల మీద నేను. ఒకటే టెన్షన్. నేనేం చెయ్యగలను?

జవాబు:
అన్నా, కంగారూ కేర్ నాన్న కూడా చెయ్యొచ్చు, నర్సును అడగండి. చొక్కా విప్పి పాపను గుండెకు ఆనించుకుంటే మన ఒంటి వేడి అందుతుంది. మావాడు నా వేలు పట్టుకున్నాడు, గంటసేపు కదిలితే ఒట్టు.

మరో జవాబు:
ట్యూబుతో పాలు పడుతుంటే హడలిపోకండి, 34 వారాల లోపు పుట్టిన పిల్లలకు పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఒకదానితో ఒకటి సరిగ్గా కుదరవు. మీ ఆవిడ పిండిన పాలు లోపలికి చేర్చే పని మీరు తీసుకోండి. ఆవిడకు మెట్లు తప్పుతాయి.

అడిగినవారు:
కంగారూ కేర్ గురించి నర్సును అడిగాను. గోళ్లు కత్తిరించుకుని రేపు రమ్మన్నారు.